ఈ-సైకిల్ కిట్ మాట వినకపోతే: సెట్టింగులు, పవర్ పరిమితులు

మామూలు సైకిల్‌కు మోటారు కిట్ బిగించాక వచ్చే తంటాల్లో చాలావాటికి మోటారును తప్పుపట్టాల్సిన పనిలేదు. డిస్‌ప్లే మెనూలో పడి ఉన్న ఒక తప్పు అంకె చాలు, బండి మొత్తం మొండికేయడానికి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ మెనూలో వేగానికీ కరెంటుకూ పెట్టే హద్దులనే చాలామంది చట్టం పెట్టిన హద్దులుగా భావిస్తారు. మోటారుకు కరెంటును కొలిచి అందించే పెట్టె, అంటే కంట్రోలర్‌కు తెలిసినవి వోల్టులు, ఆంపియర్లు, చక్రం తిరిగిన చుట్లు మాత్రమే. చట్టం అడిగే ప్రశ్నలు వేరు.

దేన్నైనా ముట్టుకునే ముందు మెనూలోని ప్రతి విలువనూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఇక్కడ ఇచ్చిన పీ06 లాంటి మెనూ సంఖ్యలు విరివిగా వాడే ఎస్866 రకం డిస్‌ప్లేవి. మీ డిస్‌ప్లే కేటీ అనే మరో రకమైనా, మరొకటైనా అదే అంశం వేరే సంఖ్య కింద ఉంటుంది. దానితో వచ్చిన సూచనల కాగితం చూడకుండా మార్చకండి.

వేగం తప్పు చూపిస్తోంది. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగాల్సిన మోటారు ఆగడం లేదు

మొదట చూడాల్సింది పీ06, అంటే చక్రం సైజు. డిస్‌ప్లే వేగాన్ని నేరుగా కొలవదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, మీరు చెప్పిన సైజుతో గుణిస్తుంది. 26 అంగుళాల చక్రం పెట్టుకుని మెనూలో 20 అని వదిలేశారనుకుందాం. తెర మీద 25 కనిపించేటప్పటికి సైకిల్ నిజంగా 32.5 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. వేగ పరిమితి చెప్పే పీ08లో 25 అని నిజాయితీగా పెట్టుకున్నా ఫలితం లేదు, ఎందుకంటే ఆ 25 కూడా ఈ తప్పు లెక్కలోంచే వస్తుంది. తిరగేసి చూస్తే, 20 అంగుళాల చక్రానికి 26 అని పెట్టినవారి మోటారు 19 దాటగానే చేతులెత్తేస్తుంది. వాళ్లు కిట్‌లో బలం లేదని తిట్టుకుంటారు.

సైజు సరిగానే ఉన్నా వేగం తేడాగా ఉంటే పీ07 చూడండి. చక్రం ఒక చుట్టు తిరిగితే సెన్సర్‌కు ఎన్ని సంకేతాలు అందుతాయో అక్కడ చెప్పాలి. చక్రం పుల్లకు (స్పోక్‌కు) ఒక్క అయస్కాంతం బిగించిన సెన్సర్ అయితే 1. చక్రం మధ్యలో ఉండే, గేర్లున్న హబ్ మోటారులో సంకేతం మోటారు లోపలి నుంచే వస్తున్నట్లయితే, అయస్కాంతాల సంఖ్యను గేరు నిష్పత్తితో గుణించాలి. 20 అయస్కాంతాలు, 4.3 నిష్పత్తి ఉంటే 86. ఇలాంటి మోటారుల్లో తొక్కడం ఆపి సైకిల్‌ను దానంతట అది దొర్లనిస్తే వేగం సున్నాకు పడిపోతుంది. అది లోపం కాదు. లోపలి క్లచ్ విడిపోయి, చక్రం తిరుగుతున్నా మోటారు ఆగిపోతుంది, అంతే.

సరిచేశాక తిన్నని సమతల రోడ్డు మీద నిలకడైన వేగంతో వెళ్తూ, హ్యాండిల్‌కు బిగించిన ఫోనులోని జీపీఎస్‌తో పోల్చండి. ఒక కిలోమీటరు అటూ ఇటూ తేడాను పట్టించుకోనక్కర్లేదు. ఇక పీ08లో 100 అంటే పరిమితి లేదని అర్థం. కొన్ని కిట్లు పెట్టెలోంచి వచ్చేటప్పుడే అలా వస్తాయి. కొత్త కిట్‌లో మీరు మార్చాల్సిన మొదటి విలువ అదే.

మోటారు మీద 250 వాట్లు, తెర మీద 500

భయపడనక్కర్లేదు. 36 వోల్టుల బ్యాటరీ నుంచి కంట్రోలర్ 15 ఆంపియర్లు లాగితే 540 వాట్లు అవుతుంది. తెర మీది అంకె బ్యాటరీ ఇచ్చింది. అందులో కొంత వేడిగా పోగా మిగిలిందే చక్రానికి చేరుతుంది. పైగా ఎత్తు మీద కాసేపు లాగే గరిష్ఠ శక్తి వేరు, మోటారు వేడెక్కి పాడవకుండా ఎడతెగక ఇవ్వగల శక్తి వేరు. యూరోపియన్ యూనియన్, బ్రిటన్ నిబంధనల్లోని 250 వాట్లు ఈ రెండో రకానివి. భారత్‌లో కేంద్ర మోటారు వాహనాల నియమావళి కూడా 30 నిమిషాల శక్తి, అంటే అరగంట పాటు ఎడతెగక ఇవ్వగల శక్తి, 0.25 కిలోవాట్ల కన్నా తక్కువ ఉండాలంటుంది. అంటే అక్కడా క్షణకాలపు గరిష్ఠానికి లెక్కలేదు.

అసలు ఇబ్బంది దీనికి తలకిందులైన సందర్భంలో వస్తుంది: మోటారు మీద 1000 వాట్లని ఉంటుంది, కరెంటు హద్దు చెప్పే పీ14లో ఆంపియర్లు తగ్గించి 250కి దింపాను కాబట్టి చట్టబద్ధమే కదా అని అడుగుతారు. కాదనే నా జవాబు. చట్టం చూసేది మోటారు రేటింగును. నాలుగు బటన్లు నొక్కితే వెనక్కి పోయే అంకెను ఆపి తనిఖీ చేసే అధికారి ఎందుకు నమ్మాలి? బ్రిటన్‌లో మోటారు శక్తి గానీ తయారీదారు పేరు గానీ, బ్యాటరీ వోల్టేజీ గానీ గరిష్ఠ వేగం గానీ సైకిల్ మీదే కనిపించాలి. 1000 అని చెక్కిన మోటారు పక్కన ఏ చీటీ అంటించినా అది అబద్ధాన్ని దాచలేదు.

వేగం హద్దు యూరోపియన్ యూనియన్‌లో గంటకు 25 కిలోమీటర్లు, బ్రిటన్‌లో 15.5 మైళ్లు. అది దాటాక మోటారు సాయం ఆగిపోవాలి. కాళ్లతో ఎంత వేగంగా తొక్కినా ఫరవాలేదు. 45 వరకు సాయం చేసే సైకిళ్లను యూరప్ మోపెడ్ తరగతిలో చేర్చింది, వాటికి రిజిస్ట్రేషన్ కావాలి. అమెరికా సమాఖ్య నిర్వచనం మాత్రం విచిత్రంగా కొలుస్తుంది: 750 వాట్ల కన్నా తక్కువ మోటారు, 170 పౌండ్ల మనిషి కూర్చుని మోటారు బలంతోనే సమతల రోడ్డు మీద వెళ్తే గంటకు 20 మైళ్లు దాటకూడదు. రోడ్డు మీద ఎక్కడ నడపవచ్చో అక్కడి రాష్ట్రాలు తేలుస్తాయి. జపాన్‌కు వాట్ల కన్నా నిష్పత్తి ముఖ్యం. 10 కిలోమీటర్ల లోపు వేగంలో మోటారు బలం తొక్కేవారి బలానికి రెట్టింపు దాకా ఉండవచ్చు. ఆపైన తగ్గుతూ 24 దగ్గర సున్నా కావాలి. ఇది మామూలు కిట్ మెనూతో సాధ్యమయ్యే పని కాదు.

భారత నియమావళిలో చాలామంది చూడని వాక్యం ఒకటుంది. శక్తి 0.25 కిలోవాట్ల లోపు, 25 కిలోమీటర్ల దగ్గర గానీ తొక్కడం ఆపగానే గానీ సాయం ఆగడం, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకపోవడం వంటి షరతులను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించినప్పుడే ఆ బండి మోటారు వాహనం కాకుండా పోతుంది. ఇంట్లో బిగించుకున్న కిట్‌కు ఆ ధ్రువీకరణ దానంతట అది రాదు. పెట్టె మీద 250 అని ఉంటే చాలదన్నమాట.

ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతోంది

ఎలా ఆగిందో గమనిస్తే సగం పని అయినట్టే. తెర కూడా ఆరిపోతే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, కరెంటు కోసేసింది. తెర వెలుగుతూ మోటారు మాత్రమే ఆగితే కంట్రోలరే వోల్టేజీ తక్కువని ఆపింది.

బీఎంఎస్ కోస్తుంటే కంట్రోలర్ ఆశకు బ్యాటరీ తూగడం లేదని అర్థం. పీ14ను బ్యాటరీ మీద రాసిన నిరంతర ఆంపియర్ల కన్నా తక్కువకు దింపి, అదే ఎత్తు మళ్లీ ఎక్కండి. డిస్‌ప్లే పంపే ఈ విలువను కొన్ని కంట్రోలర్లు అసలు చెవిన పెట్టవు. మార్చాక తెర మీది వాట్లు తగ్గాయో లేదో చూసుకోండి. తగ్గకపోతే కంట్రోలర్‌నో బ్యాటరీనో మార్చడమే దారి.

కంట్రోలర్ ఆపుతుంటే ముందు బ్యాటరీ వోల్టేజీ చెప్పే పీ03లో 36, 48ల్లో సరైనదే ఉందో చూడండి. 36 వోల్టుల లిథియం ప్యాక్ నిండుగా ఉంటే 42, ఖాళీ అయ్యేసరికి 30 చుట్టుపక్కల ఉంటుంది. 48 వోల్టులదైతే, 13 సెల్స్ వరుసలో, 54.6 నుంచి 40 చుట్టుపక్కలకు దిగుతుంది. ఇంకొంచెం దూరం వస్తుందని పీ15ను, అంటే ఏ వోల్టేజీ దగ్గర మోటారు ఆగాలో చెప్పే విలువను, ఇంతకన్నా కిందికి లాగేవాళ్లున్నారు. ఆ కొసరు దూరానికి సెల్స్‌ను బలిపెట్టకండి. నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ కూడా ఎత్తు మీద ఇలాగే కుప్పకూలుతుంటే సెల్స్ అరిగిపోయినట్టే. మెనూలో దానికి మందు లేదు.

తొక్కితే కదలదు, తొక్కడం ఆపితే ఆగదు

తొక్కినా మోటారు రాకపోతే పీ10 చూడండి: 0 అంటే పెడల్ సాయం, 1 అంటే త్రోటిల్ (తొక్కకుండానే మోటారును నడిపే చేతి పిడి లేదా మీట), 2 అంటే రెండూ. 1 పెట్టి ఉంటే ఎంత తొక్కినా లాభం లేదు. ఆ తర్వాత పీ13లో ఉన్న అంకె, క్రాంక్ (పెడళ్లను మోసే చేయి) దగ్గరి చిన్న చక్రంలోని అయస్కాంతాల సంఖ్య ఒకటేనా అని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. 5, 8, 12ల్లో ఏదో ఒకటి అవుతుంది. వెనక్కి తొక్కితే మోటారు తిరుగుతోందా? ఆ అయస్కాంతాల చక్రం తిరగబడి ఉంది, తీసి రెండో వైపు పెట్టండి. సెన్సర్‌కూ దానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ ఎడం ఉంటే సాయం వస్తూ పోతూ ఉంటుంది.

ఆపినా ఆగకపోవడం ప్రమాదం. బ్రేక్ లివర్ నొక్కగానే మోటారు కరెంటు తెగాలి. చక్రాన్ని గాల్లోకి ఎత్తి, సాయం మీద తిప్పి, లివర్ కొద్దిగా నొక్కి చూడండి. తెగకపోతే ఆ తీగ కనెక్టర్ సరిచేసేదాకా రోడ్డెక్కవద్దు.

త్రోటిల్ విషయంలో దేశాలు ఏకీభవించవు. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే మూడు తరగతుల్లో రెండోది 20 మైళ్ల వరకు దాన్ని అనుమతిస్తుంది. బ్రిటన్‌లో తొక్కకుండా గంటకు 6 కిలోమీటర్లకు మించి లాగే త్రోటిల్ ఉంటే ఆమోద పత్రం కావాలి. అలాంటి చోట పీ10ను 0 చేసి ఊరుకోకుండా త్రోటిల్‌నే పీకి పక్కన పెట్టడం మేలు.

కుదుపు, కరకర శబ్దం, ఎర్రర్ 24

మోటారు ఎక్కడి దాకా తిరిగిందో చెప్పే హాల్ సెన్సర్ తీగలు లేదా మోటారుకు కరెంటు మోసే మూడు ఫేజ్ తీగలు వదులయ్యాయి. కనెక్టర్ విప్పి, వంగిన పిన్ను సరిచేసి, బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా నొక్కండి. ఎర్రర్ 30 వస్తే డిస్‌ప్లే, కంట్రోలర్ మధ్య తీగ చూడాలి. 25 అయితే బ్రేక్ లివర్ ఇరుక్కుని ఉంది.

ఇరుసు నట్టు మాటిమాటికీ వదులవుతోంది

కరెంటు పెంచినవారికి ఇది ముందుగా వస్తుంది. మోటారు చక్రాన్ని ముందుకు నెట్టినంత బలంగానూ ఇరుసును వెనక్కి మెలితిప్పుతుంది. ముందు ఫోర్కు అల్యూమినియందైతే హబ్ మోటారును అక్కడ అసలు పెట్టకండి. స్టీలు ఫ్రేములోనైనా ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ అనే పట్టీ బిగించి, వాషరు పన్ను గాడిలోకి వెళ్లిందో లేదో చూసి, పీ12లోని ప్రారంభ బలాన్ని ఒక మెట్టు తగ్గించండి. ఇరుసులోంచి వచ్చే తీగను కిందికి వంపు తిప్పి కట్టండి, వాన నీరు దాని వెంట మోటారులోకి పోకుండా అక్కడే కారిపోతుంది.