బ్రహ్మకమలం పెంపకం, పూసిన రాత్రి ఫొటో తీసే విధానం

మన పెరళ్లలోనూ అపార్ట్‌మెంట్ల బాల్కనీలలోనూ బ్రహ్మకమలం పేరుతో పెరుగుతున్న మొక్క కాక్టస్ కుటుంబానికి చెందినదే. వృక్షశాస్త్రంలో దీన్ని ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అంటారు. దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా అడవులు దీని పుట్టిల్లు. ఎడారి కాక్టస్‌లకు భిన్నంగా ఇది చెట్ల కొమ్మల పంగల్లో పోగుపడి మాగిన ఆకులలో వేళ్లూని, పైనున్న గుబురు నీడలో పెరుగుతుంది. దీని పెంపకంలో పాటించవలసిన జాగ్రత్తలన్నిటికీ ఈ స్వభావమే మూలం. దీనికి తేమ కావాలి గాని నీరు నిలవకూడదు, వెలుతురు కావాలి గాని మండుటెండ పనికిరాదు.

మనం ఆకులు అనుకునే బల్లపరుపు భాగాలు నిజానికి కాండాలు. ఇప్పటికే పూలు పూసిన మొక్క నుంచి ముదిరిన కాండాన్ని జానెడు పొడవున కోసి, కోసిన చోటు ఆరి గట్టిపడేవరకు వారం రోజులు నీడలో ఉంచాలి. పచ్చిగా నాటితే ఆ చివర కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. ఎర్రమట్టి, మాగిన ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి, అందులో గుప్పెడు బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు వేస్తే నీరు చక్కగా దిగిపోతుంది. కాండం కింది కొసను అంగుళం, అంగుళంన్నర లోతున నాటి, కదలకుండా పుల్లకు కట్టాలి. సాధారణంగా నెల, నెలన్నరలో వేళ్లు వస్తాయి, కాని తొలి పువ్వుకు రెండు మూడేళ్లు పట్టడం మామూలే. ఈలోగా పెద్ద కుండీలోకి మార్చాలనే తొందర వద్దు, వేళ్లు కొంచెం ఇరుకుగా ఉన్నప్పుడే ఈ మొక్క బాగా పూస్తుంది.

ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు బాల్కనీ దీనికి అన్నిటికన్నా అనువైన చోటు. ఏప్రిల్, మే నెలల్లో నేరుగా ఎండలో ఉంచితే కాండాలు పసుపుబారి, ఆపై గోధుమరంగు మచ్చలతో మాడిపోతాయి కనుక, వేసవిలో ఆకుపచ్చని షేడ్‌నెట్ కింద ఉంచడం అవసరం. పై మట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి. నత్రజని ఎక్కువైతే కాండాలు ఏపుగా సాగుతాయే తప్ప మొగ్గలు రావు. అందుకే యూరియా జోలికి పోకుండా, వానలకు ముందు కొంచెం వానపాముల ఎరువు, ఎముకల పొడి వేస్తే చాలునని నా అభిప్రాయం. కాండాల నొక్కులలో తెల్లని పిండినల్లి కనిపిస్తే, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు మూడు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి.

మన ప్రాంతంలో మొగ్గలు ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపల కాండపు అంచుల నొక్కులలో పుడతాయి. మొగ్గ కనిపించాక కుండీని మరో చోటికి మార్చినా, నీళ్లు పోయడం మరిచినా అది రాలిపోవచ్చు. మొదట కిందికి వేలాడే మొగ్గ, పూసే రోజులు దగ్గర పడేకొద్దీ కొంగ మెడలా వంపు తిరిగి పైకి లేస్తుంది. పూసే రోజు సాయంత్రానికి మొగ్గ బాగా ఉబ్బి, లేత ఎరుపు ఛాయగల వెలుపలి రేకులు కొసన వదులై తెల్లని లోపలి రేకులు తొంగిచూస్తాయి. ఆ గుర్తు కనిపించిందంటే కెమెరా ఆ రాత్రికే సిద్ధం కావాలి, ఎందుకంటే చీకటి పడ్డాక విచ్చుకోవడం మొదలై అర్ధరాత్రి ప్రాంతంలో పూర్తిగా విరిసే ఈ పువ్వు తెల్లవారేసరికి వాలిపోతుంది.

వెలుగుండగానే ట్రైపాడ్ నిలిపి, పువ్వుకు ఒకటి రెండు మీటర్ల వెనుక నల్లని గుడ్డ వేలాడదీసి, ఫ్యాన్ ఆపేయాలి. ఎదురుగా కొట్టే ఫ్లాష్ రేకుల మడతలన్నిటినీ చదును చేసేస్తుంది. దానికి బదులు ఒక ఎల్‌ఈడీ దీపాన్ని పక్కనుంచి, పలుచని తెల్లని పంచె గుడ్డ గుండా ప్రసరింపజేస్తే, రేకుల మీది సన్నని ఈనెలు స్పష్టంగా కనబడతాయి. మరో చిన్న టార్చిని వెనుక నుంచి పట్టుకుంటే రేకులు లోపలి నుంచి వెలిగినట్టు ఉంటాయి. నల్లని నేపథ్యాన్ని చూసి కెమెరా కాంతిని పెంచేసి తెలుపును పాలిపోయేలా చేస్తుంది కాబట్టి, ఫోన్‌లోనైనా కెమెరాలోనైనా ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలోకి చేరే కాంతిని, ఒక స్టాప్ వరకు (సగానికి) తగ్గించాలి. మాన్యువల్ కెమెరా అయితే అపర్చర్‌ను (లెన్సు రంధ్రాన్ని) ఎఫ్ 8 లేక ఎఫ్ 11కు, ఐఎస్ఓను (కాంతిని గ్రహించే స్థాయిని) 200కు పెట్టి, షట్టర్ సమయాన్ని వెలుతురును బట్టి నిదానంగా ఉంచి, రెండు సెకన్ల టైమరుతో తీయాలి. పువ్వు గొంతు లోపల గుంపుగా నిలిచే కేసరాల మధ్య నుంచి ముందుకు పొడుచుకువచ్చే నక్షత్రాకారపు కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొస) మీద ఫోకస్ నిలపడం అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ స్పష్టత తప్పితే రేకులు ఎంత బాగా వచ్చినా ఆ ఫొటో నిలవదు. నీటి చుక్కలు చల్లి తీసే అలవాటు నాకు నచ్చదు, అవి దీపాన్ని ప్రతిఫలించి రేకుల తెలుపును చెడగొడతాయి.

విచ్చుకోవడాన్ని వీడియోగా చూపాలంటే, 30 సెకన్లకు ఒకటి చొప్పున నాలుగు గంటలపాటు ఫొటోలు తీస్తే 480 వస్తాయి. వాటిని సెకనుకు 24 చొప్పున కూర్చితే 20 సెకన్ల దృశ్యం తయారవుతుంది. పువ్వు విచ్చుకుంటూ ముందుకు, పైకి కదులుతుంది కనుక ఫ్రేములో చుట్టూ ఖాళీ వదలాలి. ఫోకస్‌ను, వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు రంగు ఛాయ సర్దుబాటును) మొదట్లోనే స్థిరపరచి, ఫోన్‌ను చార్జరుకు కలిపి ఉంచాలి. మర్నాడు వాలిన పువ్వును తొడిమతో సహా తుంచి తీసేయండి గాని కాండాన్ని మాత్రం కోయకండి. అదే కాండపు మిగిలిన నొక్కులలో ఆ సీజనులోనే మళ్లీ మొగ్గలు పుట్టవచ్చు.