ఇంట్లోనే కర్రసాము - మూడో పాఠం: ఎనిమిది తిప్పడం

కర్ర కనుబొమల ఎత్తు, ఎడమ కాలు ముందు, మోకాళ్లు కాస్త వంచి. పోయిన పాఠంలో ఇక్కడ ఆపాం. రెండు వైపులా విడివిడిగా తిప్పడం వచ్చినవాళ్లు ఈ వారం ఆ రెంటినీ కలిపి, కర్ర కొనను 8 అంకెలా తిప్పుతారు. రాకపోతే ఇంకో వారం అక్కడే ఉండండి, కంగారేమీ లేదు.

దసరా ఊరేగింపులోనో, పీర్ల పండగలోనో ముందు నడిచే సాముగాళ్లను చూసే ఉంటారు. కర్ర రివ్వుమంటుంటే జనం వాళ్లంతట వాళ్లే వెనక్కి జరుగుతారు, ఎవరినీ నెట్టక్కర్లేదు. ఆ దారి చేసేది ఎక్కువగా ఈ ఎనిమిదే.

కర్రను కుడిచేత్తో సరిగ్గా మధ్యలో పట్టుకుని నిలువుగా నిలపండి. బొటనవేలు పై కొన వైపుండాలి. ఆ పై కొన మీదే కన్నుంచండి. దాన్ని ముందుకు వాల్చి, కుడి మోకాలి పక్కనుంచి కిందికి, వెనక్కి పోనివ్వండి. అప్పటికి మీ అరచెయ్యి ఆకాశం చూస్తుండాలి. కొన వెనకనుంచి పైకి లేచి తల మీదుగా ముందుకొచ్చేటప్పుడు చేతిని పొట్ట ముందుగా ఎడమకు తీసుకెళ్లండి. ఇప్పుడు కొన ఎడమ మోకాలి పక్కన దిగుతుంది, అరచెయ్యి నేలను చూస్తుంది. మళ్లీ పైకి, మళ్లీ కుడికి. అంతే ఎనిమిది.

చదవడానికి తేలికే. చేసేటప్పుడు మొదట అడ్డొచ్చేది చంక. కుడివైపు కర్ర తిరుగుతుంటే కింది కొన వచ్చి చంకలోనో మోచేతికో తగులుతుంది. కారణం, మోచేయి పక్కటెముకలకు అతుక్కుపోవడం. మధ్యలో ఒక పిడికిలి పట్టేంత సందు వదలండి. రెండోది, పిడికిలి బిగించడం. కర్రను నిజంగా పట్టి ఉంచేవి బొటనవేలు, చూపుడువేలే. మిగతా మూడూ తిరిగే కర్రను బట్టి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. కాసేపటికే భుజం నొప్పి పుట్టిందంటే మణికట్టు చేయాల్సిన పని భుజం చేస్తోందన్నమాట. ఆపేసి, కర్ర లేకుండా ఉత్త చేత్తో అరచెయ్యి పైకి, కిందికి తిప్పుకుంటూ కాసేపు చేయండి.

చప్పుడు వినండి. రెండు వైపులా ఒకే రకంగా రివ్వుమనాలి. ఎడమవైపు మూగబోతే అక్కడ మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. అద్దం కన్నా చెవే నమ్మకం.

కర్ర సంగతి కూడా చూసుకోండి. వెదురుకు నెర్రెలుంటే వాడొద్దు, చీలిక అరచేతిలో దిగుతుంది. చుట్టూ రెండు కర్రల దూరం ఖాళీ ఉండాలి. పిల్లలు తిరిగే వాకిట్లో అస్సలు వద్దు.

కర్నూలు జిల్లా దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవం గురించి చాలామంది అడుగుతుంటారు. మాళమల్లేశ్వరస్వామి ఉత్సవ మూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. ఏటా తలలు పగులుతాయి. అది ఆ ఊళ్ల మొక్కు, వాళ్ల నమ్మకం, నేను తీర్పు చెప్పను. కానీ మనం నేర్చుకునేది అది కాదు. ఎదుటివాడి చెవి పక్కన కొన ఆపగలగడమే నా లెక్కలో సాము.

తమిళుల కర్రసాము సిలంబానికి 2024 జనవరిలో కేంద్రం నడిపే ఖేలో ఇండియా యువ క్రీడల్లో ప్రదర్శన క్రీడగా చోటు దొరికింది. కేరళ కలరిపయట్టు, పంజాబ్ గట్కా, మణిపూర్ థాంగ్-టా, స్తంభం మీద చేసే మల్లఖంబ్ అంతకుముందే హర్యానాలోని పంచకులలో జరిగిన ఖేలో ఇండియా పోటీల్లోకి వెళ్లాయి. మన కర్రసాము మాత్రం ఇంకా ఎక్కువగా పండగలనే నమ్ముకుని ఉంది. అందుకే ఊరికో పద్ధతి. ఉత్తరాంధ్రలో సాము నేర్పే తాలింఖానాలో ఒకలా, తెలంగాణ పల్లెలో ఇంకోలా నేర్పుతారు. మీ ఊళ్లో పెద్దాయన ఎవరైనా నేను చెప్పినదానికి వేరుగా తిప్పితే ఆయన దగ్గరే నేర్చుకోండి. పాఠం పక్కన పెట్టినా ఫర్వాలేదు, ఆ పద్ధతి రేపు నేర్పేవాళ్లు ఉండకపోవచ్చు.

ఈ వారం రోజూ పావుగంట చాలు. కుడిచేత్తో ఎంతసేపు తిప్పితే ఎడమచేత్తోనూ అంతసేపు, నెమ్మదిగా. స్పీడు ఇప్పుడే వద్దు. వచ్చే పాఠంలో కర్ర ఆగకుండా చేయి మార్చడం. దానికి ఎడమచేతి ఎనిమిది కూడా కుదరాలి, లేకపోతే కర్ర నేరుగా చీలమండ మీదకొస్తుంది.