ఎండాకాలం క్షేత్ర పరిచర్యకు పోయే వేదాంత విద్యార్థులకు కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోగానే క్రైస్తవ వేదాంత కళాశాలల విద్యార్థులు క్షేత్ర పరిచర్యకు, అంటే సంఘాల్లో (చర్చిల్లో) ఉండి సేవ నేర్చుకోవడానికి, మన వరంగల్ వైపు వస్తారు. కొందరు కాజీపేటలో రైలు దిగి పరకాల, నర్సంపేట సంఘాలకు పోతారు. కొందరు డోర్నకల్‌లో దిగి మహబూబాబాద్ పల్లెలకు పోతారు. ఇంకొందరిని కాలేజీ ములుగు దాటించి తాడ్వాయి, ఏటూరునాగారం దాకా పంపిస్తుంది. ఎండలు ముదిరే రోజులు, పెళ్ళిళ్ళ రోజులు, వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిలు బడి) రోజులు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు పదిలంగా తిరిగి పోవాలి, వాళ్ళవల్ల ఏ సంఘానికీ దెబ్బ తగలకూడదు. ఈ నాలుగు మాటలు అందుకే.

అన్నిటికంటే ముందు చెప్పేది, ఒంటరిగా ఏ పనికీ పోకండి. మార్కు 6లో ప్రభువు పన్నెండుగురిని ఇద్దరిద్దరినిగా పంపాడు, లూకా 10లో డెబ్బదిమందిని కూడా అట్లనే పంపాడు. ఇండ్ల దర్శనానికి, ఆసుపత్రికి, చెరువుకు, కానుకలు లెక్కపెట్టడానికి, దేనికైనా ఇద్దరు ఉండాలి. తోటి విద్యార్థి లేకపోతే సంఘ పెద్దల్లో ఒకరిని అడగండి. అమ్మాయిలైతే బైబిలు స్త్రీతోనో (సంఘంలో స్త్రీల మధ్య సేవ చేసే ఆమె) పాస్టరమ్మగారితోనో కలిసి పోవాలి. కింద చెప్పబోయేవాటిలో సగం ప్రమాదాలు ఈ ఒక్క అలవాటుతోనే తప్పుతాయి.

ఎండ సంగతి. మే నెలలో ఇటువైపు నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు మామూలు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా నీడ పట్టున ఉండండి. అయితే పొద్దున పోతే జనం దొరుకుతారనుకోవద్దు. ఆ రోజుల్లో తెల్లారకముందే ఉపాధి హామీ పనికి పోతారు. యాసంగి వరి కోసినవాళ్ళు కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లకు కాపలా ఉంటారు. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల్లో తునికాకు తెంపడానికి ఇల్లిల్లూ కదిలిపోతుంది, సాయంత్రం దాకా కట్టలు కడుతూనే ఉంటారు. అలసి వచ్చిన మనిషి ముందు గంటసేపు వాక్యం చదవడం న్యాయం కాదు. ఏడున్నర దాటాక, వాళ్ళు స్నానం చేసి తిన్నాక పోండి. కుదిరితే కల్లం దగ్గరికే పోయి కాసేపు కూర్చోండి. అక్కడ వినే మాటలు మీకు తరగతిలో దొరకవు.

వడదెబ్బ తగిలితే ఒళ్ళు కాలిపోతుంది, మాట తడబడుతుంది, మనిషి అయోమయంగా చూస్తాడు. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఎప్పుడూ ఉండాలి. ఇక ఉపవాస ప్రార్థనలు. నీళ్ళు కూడా ముట్టకుండా మూడు రోజులు ఉండి, ఆ ఎండలోనే ఊళ్ళు తిరిగే విద్యార్థులున్నారు. దయచేసి అట్లా చేయకండి. నీళ్ళు తాగుతూ, ఆ రోజు తిరుగుడు మానుకుని ఉపవాసముండండి. సంఘంలో షుగర్ ఉన్నవాళ్ళను, గర్భిణులను ఉపవాసానికి బలవంతపెట్టొద్దు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి కూర్చున్నచోటే కూలిపోతారు.

రోగుల కోసం చేసే ప్రార్థన దగ్గరే నాకు ఎక్కువ భయం. విద్యార్థికి విశ్వాసం నిండుగా ఉంటుంది, ఎదుట కుటుంబం కన్నీళ్ళతో ఉంటుంది. ఆ ఊపులో ‘ఇక మందులు అక్కర్లేదమ్మా’ అనే ఒక్క మాట నోరు జారితే ప్రాణం పోవచ్చు. టీబీకి మామూలుగా ఆరు నెలల మందులు. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేలికపడుతుంది, అప్పుడే ‘స్వస్థత వచ్చింది’ అని మానేస్తారు. మానేస్తే అదే జబ్బు మందులకు లొంగకుండా తిరగబెడుతుంది, ఇంట్లోవాళ్ళకూ అంటుకుంటుంది. ఇన్సులిన్, బీపీ మాత్రలు, ఫిట్స్ మందులు, ఎచ్‌ఐవీ మందులు, మానసిక జబ్బుల మందులు, వేటినీ ఆపమని చెప్పే హక్కు మనకు లేదు. మనస్సారా ప్రార్థించండి. లేచే ముందు ‘మాత్ర వేసుకున్నవా పెద్దమ్మా’ అని కూడా అడగండి. సాక్ష్యం చెప్పించాలనిపిస్తే ముందు డాక్టరు పరీక్ష రానివ్వండి. మంత్రతంత్రాలతో జబ్బులు నయమవుతాయని ప్రచారం చేయడాన్ని నిషేధించే చట్టం 1954 నుంచి ఉంది, స్వస్థత సభల పోస్టర్ల మీద ఏం రాస్తున్నారో చూసుకోండి.

ప్రార్థన కూటంలో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే దయ్యమని చుట్టూ మూగొద్దు. తలకింద మెత్తటి గుడ్డ పెట్టి పక్కకు తిప్పండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏదీ కుక్కొద్దు, కాళ్ళూ చేతులూ అదిమి పట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108. మనిషి కేకలు పెట్టినా, తనలో తను మాట్లాడుకున్నా కొట్టడం, కట్టేయడం, తిండి ఆపడం ఎవరు చేయబోయినా మీరు అడ్డుపడాలి. అయ్యగారే (పాస్టరుగారే) చేయిస్తున్నా సరే, మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పండి.

పత్తి, మిర్చి పండించే ఊళ్ళివి. ప్రతి ఇంటి చూరులో పురుగుల మందు డబ్బా ఉంటుంది. అప్పుల బాధలో ఉన్న రైతు ‘బతకాలని లేదు’ అన్నాడంటే, వచనం చెప్పి లేచి రావద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, మనసు విప్పే వీలు దొరుకుతుంది. ఇంట్లోవాళ్ళకు చెప్పి ఆ డబ్బా అక్కడి నుంచి తీయించండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలిమానస్ నంబరు 14416, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు. అప్పటికే తాగేసి ఉంటే కక్కించే ప్రయత్నం చేయకుండా, ఆ డబ్బా కూడా వెంట పట్టుకుని దగ్గరి ఆసుపత్రికి, అక్కడి నుంచి అవసరమైతే వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి. పాము కాటుకూ అంతే. రక్తపింజరైనా కట్లపామైనా కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కాటుపడిన కాలు కదపకుండా మోసుకుపోవాలి.

వీబీఎస్ పిల్లల విషయంలో కాస్త కఠినంగానే ఉండండి. ఏ పిల్లతోనూ, ఏ పిల్లవాడితోనూ గదిలో ఒక్కరే ఉండొద్దు. ఇంటికి దింపుతానని బండి మీద ఎక్కించుకోవద్దు. క్రైస్తవేతర కుటుంబాల పిల్లలు వస్తే తల్లిదండ్రులు ఒప్పుకున్నారో లేదో ముందే కనుక్కోండి, ఫొటోలు అడక్కుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. ఏ పిల్లైనా తనను ఎవరో ముట్టుకున్నారని చెబితే నమ్మండి. దాన్ని సంఘంలోనే సర్దేద్దామనే పెద్దల మాట వినకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. పిల్లల సహాయవాణి 1098కి చెప్పండి.

నీళ్ళ దగ్గర. బాప్తిస్మం ఇచ్చేది అభిషిక్తుడైన కాపరి, మీరు పక్కన ఉండేవాళ్ళు. అయినా చోటు చూసిపెట్టే పని మీకే చెబుతారు. ఎండాకాలం చెరువు అడుగంటి అమాయకంగా కనిపిస్తుంది. కానీ పూడిక మట్టి కోసం జేసీబీలతో తవ్విన గుంటలు నీళ్ళ కింద ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగుకే మునిగిపోతాడు. ముందురోజు ఆ ఊరి ఈతగాణ్ణి దింపి, పొడుగాటి కర్రతో చూపించుకోండి. కాకతీయ కాలువలోకి మాత్రం దిగొద్దు. సిమెంటు అంచులు జారుతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, నీటి వడి పైకి తెలియదు. సెలవు రోజున ఈతకు పోదామని తోటివాళ్ళు పిలిచినా ఇదే మాట.

రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. రాత్రి నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. హెడ్‌లైటు వెలుగులో దగ్గరికొచ్చేదాకా కనబడవు. కూటం అయ్యాక బండి మీద తిరిగి రాకుండా ఆ ఊళ్ళోనే పడుకోండి, తప్పనిసరైతే ఇద్దరికీ హెల్మెట్. గాలివాన మొదలైతే షామియానా కింది నుంచి జనాన్ని లేపి, మైకు వైర్ల కరెంటు ఆపించండి. పది తర్వాత మైకు ఎట్లాగూ వద్దు, చట్టమూ ఒప్పుకోదు.

మాటల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. పొరుగువాడి దేవుణ్ణి కించపరిచే పాటగానీ మాటగానీ మీ నోట రావద్దు. అది ప్రేమా కాదు, చట్టం ముందు నిలవదు కూడా. గుడి దగ్గర, జాతర దారిలో కరపత్రాలు పంచొద్దు. సీటు ఇప్పిస్తాం, అప్పు తీరుస్తాం అని ఎవరికీ ఆశ చూపొద్దు. కుల సర్టిఫికెట్ల గురించి అడిగితే తెలిసీ తెలియని సలహా ఇవ్వకుండా అయ్యగారి దగ్గరికి పంపండి, అది పిల్లల చదువులకూ ఉద్యోగాలకూ ముడిపడిన సంగతి. తొందర పెళ్ళి చేయమని అడిగినా అంతే. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారమున్నవాళ్ళే పెళ్ళి చేయాలి, అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలి.

ఏజెన్సీ (గిరిజన ప్రాంత) గూడేలకు పోయేవాళ్ళు కాలేజీ లేఖ, గుర్తింపు కార్డు వెంట ఉంచుకుని, ముందు ఊరి పెద్దను కలవండి. అక్కడి భూమిని గిరిజనేతరుల పేరు మీదికి మార్చడాన్ని 1970 నాటి నిబంధన అడ్డుకుంటుంది, కాబట్టి మందిర స్థలం మాటల్లో సాక్షి సంతకం పెట్టొద్దు. కానుకలు మీ ఫోన్‌పేలోకి రానివ్వొద్దు.

తిరిగి పోయేటప్పుడు కాలేజీకి నివేదిక రాయాలి. కౌన్సెలింగ్ సంభాషణలు రాసేచోట పేర్లే కాదు, ఊరు, వృత్తి కూడా మార్చండి. చిన్న ఊళ్ళో ‘ఇద్దరు బిడ్డల టైలరమ్మ’ అంటే అందరికీ తెలిసిపోతుంది. మీరు కలుస్తున్న రోగుల, ఒంటరి ముసలివాళ్ళ వివరాలు మాత్రం అయ్యగారికి నోటిమాటగా అప్పగించండి. ఎవరికి ఏ రోజు మందులు తేవాలో, ఎవరు మీ కోసం ఎదురుచూస్తారో చెప్పి, వీలైతే చివరి రోజున ఆయనను వెంటబెట్టుకుని ఆ ఇండ్లకు పోయి రండి.