పనిచేసే చోట ఈవీ చార్జింగ్: సమస్య – పరిష్కారం

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా ప్రాంతాల్లో మిల్లులకూ గనుల కార్యాలయాలకూ విద్యుత్ స్కూటర్ల మీద వచ్చేవారు పెరుగుతుంటే, పార్కింగ్ షెడ్డులో నాలుగు సాకెట్లు బిగించి చేతులు దులుపుకునే యాజమాన్యాలు కనిపిస్తున్నాయి. ఆ తరువాత వచ్చే చిక్కులన్నిటికీ చార్జరునే తప్పుపడతారు గానీ, వాటిలో చాలా భాగం వైరింగులోనో, ధర నిర్ణయించిన తీరులోనో పుట్టినవే.

ప్లగ్ వేడెక్కుతోంది, సాకెట్ నల్లబడుతోంది

స్కూటరు చార్జరు లాగే కరెంటు తక్కువే. కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జరు మాత్రం సుమారు 3.3 కిలోవాట్లు, అంటే 14, 15 ఆంపియర్లు, గంటల తరబడి ఆగకుండా తీసుకుంటుంది. ప్లగ్ ఊడదీసి పిన్నులు గమనించండి. ఎర్త్ పిన్ను మెరుస్తూనే ఉండి, ఫేజ్ పిన్ను గోధుమరంగుకు తిరిగి, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బి ఉంటే, లోపల పట్టు వదులైందని అర్థం. అప్పుడు సాకెట్‌తో పాటు ప్లగ్‌ను కూడా మార్చాలి, ఎందుకంటే కాలిన పిన్ను కొత్త సాకెట్‌నూ త్వరలోనే పాడుచేస్తుంది. కారు పెట్టే ప్రతి పాయింటుకూ 16 ఆంపియర్ల పారిశ్రామిక సాకెట్, విడిగా లాగిన 4 చదరపు మిల్లీమీటర్ల (ఎస్‌క్యూ ఎంఎం) రాగి వైరు, సొంత ఎంసీబీ (కరెంటు హద్దు మించితే సరఫరా ఆపే స్విచ్చు) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సును షెడ్డులోకి రానివ్వకూడదు.

నాలుగైదు బండ్లు పెట్టగానే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది

ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎర్త్‌లోకి పోతుంటే సరఫరాను వెంటనే తెంపే (ట్రిప్ అయ్యే) రక్షణ స్విచ్చు. ఏ బండిలోనూ లోపం లేకపోయినా ఇలా జరగవచ్చు. ప్రతి చార్జరు నుంచీ కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోవడం సహజం. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటినప్పటి నుంచే ట్రిప్ కావచ్చు కనుక, అన్ని పాయింట్లూ ఒకే దాని కింద ఉంటే ఆ కొద్దికొద్దీ కలిసి హద్దు దాటుతుంది. ఒక్కో పాయింటుకు, లేదా రెండేసి పాయింట్లకు, ఒక టైప్ ఏ ఆర్‌సీసీబీ చొప్పున విడదీస్తే ఈ బాధ తీరుతుంది. వానలోనే ట్రిప్ అవుతుంటే సాకెట్‌లోకి చెమ్మ చేరిందేమో ముందుగా చూడాలి. పని ఆగిపోతోందని ఆర్‌సీసీబీని బైపాస్ చేయించడం మాత్రం ఎంతమాత్రమూ ఒప్పుకోదగినది కాదు. తడి నేల మీద నిలబడి ప్లగ్ పట్టుకునే మనిషికి అదొక్కటే రక్ష.

మే నెలలో మధ్యాహ్నం చార్జింగ్ మొదలు కావడం లేదు

చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, ఎండనపడి వచ్చిన బండి బ్యాటరీ చల్లబడేదాకా దానిలోని రక్షణ వ్యవస్థే చార్జింగ్‌ను ఆపుతుంది లేదా మందగింపజేస్తుంది. రేకుల షెడ్డు నీడనిచ్చినా వేడిని కిందికే పంపుతుంది కాబట్టి, గాలి ఆడే ఎత్తున పైకప్పు వేయించి, బండి వచ్చిన అరగంట తరువాత చార్జింగ్ పెట్టించడం మేలు.

బిల్లులో గరిష్ఠ డిమాండ్ ఒక్కసారిగా పెరిగింది

గరిష్ఠ డిమాండ్ అంటే నెలలో సంస్థ ఒకేసారి లాగిన అత్యధిక విద్యుత్. ఉదయం షిఫ్టు మొదలయ్యే వేళ అందరూ ఒకేసారి ప్లగ్ పెట్టడమే అది పెరగడానికి కారణం. సగం పాయింట్లను టైమరుతో భోజన విరామం తరువాతకు మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. చార్జింగ్‌ను సాయంత్రానికి నెట్టడం మాత్రం పొరపాటు. కేంద్రం 2023లో సవరించిన నిబంధనల ప్రకారం, 10 కిలోవాట్లు మించిన డిమాండ్ గల వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి ధర ఉండాలి. సౌర వేళల్లో, అంటే ఎండ ఉండే పగటి గంటల్లో, అది మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి. పగటి ఉద్యోగులకు ఇంతకంటే అనువైన వేళ లేదు.

పాయింటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ధర మీద రోజూ గొడవే

ఉచితంగా ఇస్తే ఇంట్లో చార్జ్ చేసుకోగలవారు కూడా ఇక్కడే పెడతారు. నెలకు ఇంతని అందరికీ ఒకే రుసుము పెడితే, స్కూటరు నడిపే కాంట్రాక్టు కార్మికుడు అధికారి కారు ఖర్చు మోస్తాడు. మూడు యూనిట్ల స్కూటరు బ్యాటరీని 20 శాతం నుంచి నింపడానికి, వేడిగా పోయేది కలుపుకొని, మీటరులో సుమారు 2.7 యూనిట్లు పడతాయి. 30 యూనిట్ల కారు బ్యాటరీ సగం నింపినా దాదాపు 17 యూనిట్లవుతాయి. యూనిట్‌కు 11 రూపాయలనుకుంటే ఒకరికి 30, మరొకరికి 187 రూపాయలు. అందువల్ల పాయింటుకొక సబ్‌మీటర్ (ఆ పాయింటు వాడకాన్ని విడిగా కొలిచే మీటరు) బిగించి యూనిట్ లెక్కన వసూలు చేయడమే న్యాయం.

ధర కట్టేటప్పుడు మహావితరణ్ (మహారాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ) బిల్లులోని వీజ్ ఆకార్ (విద్యుత్ చార్జీ), వహన్ ఆకార్ (విద్యుత్ చేరవేత చార్జీ), ఇంధన సర్దుబాటు, విద్యుత్ సుంకం కూడి, యూనిట్లతో భాగించండి. చార్జింగ్ వల్ల డిమాండ్ పెరగనంతవరకు స్థిర్ ఆకార్‌ను (స్థిర చార్జీని) ఉద్యోగుల మీద వేయకూడదు; బండ్లున్నా లేకున్నా సంస్థ దాన్ని కట్టవలసిందే. మరమ్మతుల కోసం యూనిట్‌కు ఒక రూపాయి కలపడంలో తప్పులేదు. డబ్బు తీసుకుంటే విద్యుత్ అమ్మకమై లైసెన్సు కావాలేమోనన్న సందేహం అక్కర్లేదు. చార్జింగ్ ఒక సేవేనని, దానికి లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది.

నిండిన బండి తీయకపోతే అదనపు రుసుము వేయవచ్చు. అయితే యంత్రం దగ్గర నిలబడినవాడు షిఫ్టు మధ్యలో వచ్చి తీయలేడు కదా. కాబట్టి తరువాతి విరామం ముగిసేవరకు గడువిచ్చి, ఆ పైనే గంట లెక్కన వేయాలి. ధర, గడువు, చివరిగా సవరించిన తేదీ తెలుగులోనూ మరాఠీలోనూ రాసిన బోర్డు షెడ్డులోనే, మీటర్ల పక్కన ఉండాలి.