సున్నం గీత ముందు, జేసీబీ తర్వాత

రేణిగుంట దగ్గర మా సైటులో వాననీళ్ల గుంతకు చోటు గుర్తు పెట్టకుండానే జేసీబీని దించేసినాను. మధ్యాహ్నానికి రెండు కానుగ చెట్ల వేళ్లు బయటపడినాయి. తప్పు నాదే.

అందుకే ముందు సున్నంతో గీత గీయండి. లీడ్ (పర్యావరణానికి మేలు చేసే భవనాలకు ఇచ్చే రేటింగు) పాత 2009 లెక్క ప్రకారం, అంతకుముందు కట్టడాలు లేని స్థలమైతే భవనం చుట్టూ 40 అడుగులు దాటి నేలను కదిలించకూడదు. నడకదారి, పార్కింగు దాటి 10, ముఖ్యమైన రోడ్డు అంచు దాటి 15. వాననీళ్లు నిలిపే గుంతకు మాత్రం చుట్టూ 25 అడుగులు ఇచ్చారు. ఊరికే కాదు: బండి గుంతలోకి దిగి తొక్కితే మట్టి గట్టిపడి చుక్క ఇంకదు. గట్టు మీద నిలబడి తవ్వే జాగా అది. దాన్ని ఇటుకలు పేర్చడానికి వాడుకుంటారు మనోళ్లు, జాగ్రత్త.

గుంతను ఆ 40 అడుగుల్లోనే, పునాదికి 10 అడుగులు ఎడంగా ఇమిడిస్తే పేచీ ఉండదు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద అంగుళం వాన పడితే దాదాపు 2,360 లీటర్లు. 2021 నవంబరులో తిరుపతి వీధులు చూసినవాళ్లం, పొంగితే పోయే దారి కూడా పెట్టండి.

తవ్వేముందు అడుగు లోతు గుంతలో నీళ్లు పోసి చూడండి. మరుసటి రోజుకీ ఇంకకపోతే చోటు మార్చాల్సిందే.

రెండోసారి పిలిస్తే జేసీబీ డ్రైవరే అన్నాడు: "ఇంత గుంతకు నేనెందుకు సార్, ఇద్దరు మనుషులు, రెండు పారలు చాలవా?"