ఫార్మాట్ కొట్టే ముందు ఎక్కడ ఆగిందో చూడండి

పర్లాకిమిడిలో ట్యూషన్ సెంటర్లు, పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపులు చాలావరకు ఇంకా కోర్ 2 డ్యూయో కాలం నాటి మెషీన్ల మీదే నడుస్తున్నాయి. వాటిలో లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇవ్వడం, ఆగిపోతే మళ్లీ లేపడం నా పని. ఇటు గుణుపూర్ నుంచి, అటు పాతపట్నం నుంచి ఫోన్లు వస్తుంటాయి. అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, ఆన్ అవ్వట్లేదు, ఫార్మాట్ కొట్టేయమంటావా?"

కొట్టొద్దు. లోపల ఏళ్ల తరబడి చేసుకున్న పని ఉంటుంది. పైగా బూట్ సమస్యల్లో, అంటే మెషీన్ లేవకపోవడంలో, చాలావాటికి ఫార్మాట్‌తో సంబంధమే లేదు. మొదట బయాస్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) లేస్తుంది, అది గ్రబ్‌ను (లినక్స్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) లేపుతుంది, గ్రబ్ కెర్నల్‌ను (లినక్స్ గుండెకాయను) లోడ్ చేస్తుంది, కెర్నల్ డిస్కును వెతికి పట్టుకుంటుంది, చివరికి లాగిన్ స్క్రీన్ వస్తుంది. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

స్క్రీన్ మీద అసలేమీ రాకుండా బీప్‌లు మాత్రమే వస్తుంటే లినక్స్‌ను తప్పుపట్టకండి, అది ఇంకా మొదలే కాలేదు. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ర్యామ్ బయటికి తీయండి. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కండి. వానాకాలంలో మా దగ్గర చెమ్మకు ఈ అంచులు తరచూ నల్లబడతాయి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. అప్పటికీ అనుమానం తీరకపోతే గ్రబ్ మెనూలో ఉండే, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడవనివ్వండి.

జనం పట్టించుకోనిది సీమాస్ బ్యాటరీ. ఆన్ చేయగానే "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్" అని వచ్చి ఎఫ్1 నొక్కమంటుంటే, లేదా తేదీ ఎప్పుడో పాత ఏడాదికి వెళ్లిపోతుంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టే. అది 3 వోల్టులది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. అది అయిపోతే పోయేది గడియారం ఒక్కటే కాదు. బయాస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి, బూట్ ఆర్డర్ (ఏ డిస్కు నుంచి ముందు లేవాలనే వరస) మారిపోతుంది, హార్డ్ డిస్క్ బాగానే ఉన్నా "బూట్ డివైస్ లేదు" అంటుంది. తేదీ వెనక్కి పోయిందంటే బ్రౌజర్ ప్రతి సైటునూ సురక్షితం కాదంటుంది, అప్‌డేట్ కూడా ఫైలు "ఇంకా చెల్లదు" అని ఆగిపోతుంది. నెట్ లేని చోట గడియారం తనంతట తాను సరిచేసుకోలేదు కాబట్టి ఇది మరీ ఇబ్బంది. బ్యాటరీ మార్చాక బయాస్‌లోకి వెళ్లి తేదీ, బూట్ ఆర్డర్ రెండూ సరిచేసి సేవ్ చేయండి.

కొత్తగా లినక్స్ వేస్తుంటే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ దగ్గరే ఆగిపోవచ్చు. "ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి" అనే అర్థం వచ్చే మెసేజ్ కనిపిస్తే అది 32 బిట్ మెషీన్, పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 64 బిట్ లినక్స్. ఆటమ్ ఎన్270 ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లు ఇలాంటివే. లినక్స్ రకాల్లో ఉబుంటు తన 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్‌వోను (ఇన్‌స్టాల్ ఫైలును) 2017లోనే ఆపేసింది. డెబియన్ అనే మరో రకం 12వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 2025లో వచ్చిన 13లో లేదు. వీటికి నేను యాంటిఎక్స్ అనే లినక్స్ వేస్తాను, తేలిగ్గా నడుస్తుంది.

"గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి ఆగితే మెషీన్‌కు పెద్దగా ఏమీ కాలేదు, దారి తప్పిందంతే. పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) మార్చినప్పుడు ఇలా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రబ్ పొరపాటున పెన్‌డ్రైవ్ మీదకు వెళ్తే, పెన్‌డ్రైవ్ తీయగానే మెషీన్ బూట్ కాదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచే పెన్‌డ్రైవ్‌తో) లేపి, పాత సిస్టమ్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, అంటే వాడకానికి తెరిచి, గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండుతో గ్రబ్‌ను అసలు డిస్కు మీదే మళ్లీ వేయండి. పార్టిషన్ పేరు కాదు, డిస్కు పేరు ఇవ్వాలి: ఎస్‌డీఏ అని ఇవ్వాలి, ఎస్‌డీఏ1 అని కాదు.

గ్రబ్ దాటాక స్క్రీన్ నల్లబడితే, మళ్లీ ఆన్ చేసి షిఫ్ట్ నొక్కి పట్టుకుని మెనూ రప్పించండి. కీబోర్డు మీద ఇంగ్లిష్ "e" అక్షరం నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైనులో "క్వైట్ స్ప్లాష్" తీసేయండి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ఇప్పుడు లోపల జరిగేదంతా కనిపిస్తుంది. పాత ఎన్‌విడియా కార్డులుంటే అదే లైను చివర "నోమోడ్‌సెట్" అని చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా చేర్చి చూడండి. బొమ్మ వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌దే సమస్య. డ్రైవర్ సరిచేశాక దాన్ని తీసేయాలి, ఉంచితే వీడియోలు ఈడుస్తాయి.

మొన్న ఒక ట్యూషన్ మాస్టారు ఫోన్ చేశాడు. "నల్ల స్క్రీన్ మీద ఏదో ఇంగ్లిష్ వచ్చి నిలబడిపోయింది అన్నా."

"ఆ ఇంగ్లిషే కావాలి తమ్ముడూ. పైనుంచి చదువు."

"అలర్ట్... యూయూఐడీ... డజ్ నాట్ ఎగ్జిస్ట్... కింద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్."

యూయూఐడీ అంటే పార్టిషన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటే అసలు డిస్కు దొరికేదాకా కెర్నల్ వాడుకునే తాత్కాలిక సిస్టమ్. అంటే కెర్నల్ లేచింది, డిస్కు మాత్రం కనిపించలేదు. మూత తీయించి, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ రెండు చివరలూ ఊడదీసి గట్టిగా పెట్టించాను. లేచింది. కేబుల్ బాగానే ఉండి డిస్కు నిదానంగా లేచే రకమైతే, ఇందాకటి లైనులోనే "రూట్‌డిలే=10" చేర్చి చూడండి.

కరెంటు హఠాత్తుగా పోయి వచ్చాక ఇదే చోట "ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్‌గా నడపండి" అని రావచ్చు. ఎఫ్‌ఎస్‌సీకే అంటే డిస్కులో ఫైళ్ల అమరికను సరిచేసే కమాండు. అది నడిపే ముందు కాసేపు ఆగి చెవి పెట్టి వినండి. డిస్కు టిక్ టిక్ మంటున్నా, "ఐఓ ఎర్రర్" లైన్లు వరసగా వస్తున్నా, ఎఫ్‌ఎస్‌సీకే వద్దు. చివరి దశలో ఉన్న డిస్కు మీద మరమ్మతు చేయబోతే ఉన్న ఫైళ్లు కూడా పోతాయి. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, డిస్కును చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, ముందు ఫైళ్లు వేరే డిస్కులోకి తీయండి. తర్వాత స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) చూడండి. "కరెంట్ పెండింగ్ సెక్టర్" పక్కన సున్నా కాక మరేదైనా అంకె ఉంటే ఆ డిస్కును ఇక నమ్మకండి. "యూడీఎమ్ఏ సీఆర్‌సీ ఎర్రర్" ఒక్కటే పెరుగుతుంటే డిస్కు కాదు, కేబుల్ మార్చండి. రిపోర్టు శుభ్రంగా ఉంటే పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ స్క్రీన్‌కే వచ్చి, అప్పుడు ఎఫ్‌ఎస్‌సీకే, ఖాళీ, మైనస్ వై, ఖాళీ, ఆపైన పార్టిషన్ పేరు కొట్టండి. అయ్యాక ఎగ్జిట్.

డిస్కు మార్చాక ప్రతిసారీ బూట్‌లో ఒకటిన్నర నిమిషం ఆగి, తర్వాత ముందుకు వెళ్తుంటే, ఎఫ్‌స్టాబ్ ఫైలులో (బూట్‌లో ఏ పార్టిషన్లు తెరవాలో రాసి ఉండే జాబితాలో) పాత స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే పార్టిషన్) యూయూఐడీ మిగిలిపోయి ఉంటుంది. బీఎల్‌కేఐడీ కమాండు కొడితే కొత్తది కనిపిస్తుంది, దాన్ని పాతదాని స్థానంలో రాయండి.