కెమెల్లియా నాటే ముందు

▢ ముందు మట్టి పరీక్ష. కెమెల్లియా అనే ఈ పూల పొద తేయాకు మొక్కకు దగ్గరి చుట్టం, ఆమ్ల గుణమున్న నేలే కావాలి. ఆమ్ల గుణాన్ని కొలిచే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు. సున్నపు నేలలో ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అలాంటి నేలతో కుస్తీ పట్టే కన్నా పెద్ద కుండీలో పెంచుకోవడమే నయం.

▢ చలిగాలి తగలని గోడ చాటు చూడండి, కానీ తూర్పు ఎండ పడే చోటు వద్దు. రాత్రి మంచుకు గడ్డకట్టిన మొగ్గ మీద పొద్దున్నే ఎండ పడితే అది గబుక్కున కరిగి, రేకుల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. గోడకు మరీ ఆనించినా వాన నీరు అందదు.

▢ వేరుముద్ద (వేళ్లను పట్టుకున్న మట్టి ముద్ద) పైభాగం నేలమట్టానికి సమానంగా ఉండాలి. లోతుగా పాతితే మొక్క ఎదగదు, పూయడానికీ మొండికేస్తుంది.

▢ గుంటలో నీళ్లు నిలుస్తున్నాయా? అయితే ఇంకో చోటు.

▢ నీటి ఏర్పాటు. వచ్చే ఏడాది పూలకు మొగ్గ కట్టేది వేసవి చివర్లోనే. అప్పుడు వేళ్లు ఎండితే మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. కుళాయి నీటిలో సున్నం ఎక్కువగా ఉంటే వాన నీరు పట్టి ఉంచుకోండి.

▢ కత్తెరతో తొందర వద్దు. కొమ్మలు కత్తిరించేది పూత అయిపోయాకే.